విద్యుత్తునకు చెఱువు

2025వ సంవత్సరము మే నెల 16వ తేదీన అనంతపుర మండలమున, గుత్తికి చేరువనున్న బేతపల్లి గ్రామమున, ఒక గొప్ప విద్యుత్కేంద్రమునకు రాష్ట్ర మంత్రి శ్రీ నారా లోకేశ్ గారు శంకుస్థాపన మొనర్చిరి. రెన్యూ అను సంస్థవారు మొత్తము 22,000 కోట్ల రూపాయల వ్యయముతో దానిని నిర్మింప సంకల్పించిరి. మొదటి దశయందు 7,000 కోట్ల వ్యయముతో 587 మెగావాట్ల సౌరవిద్యుత్తు, 250 మెగావాట్ల వాయువిద్యుత్తు, వానితో గూడ 415 మెగావాట్ అవర్ల బ్యాటరీ నిలువ యేర్పడుననియు, తుదకు 1,800 మెగావాట్ల సౌరవిద్యుత్తు, 1,000 మెగావాట్ల వాయువిద్యుత్తు, 2,000 మెగావాట్ అవర్ల నిలువ సిద్ధింపగలవనియు ప్రకటింపబడెను. అనంతపురమున గాలిమరలు క్రొత్త కావు, సూర్యఫలకములును క్రొత్త కావు. క్రొత్తది ఈ నిలువ. దానిని గూర్చియే నేడు మా చదువరులతో నాలుగు మాటలు ముచ్చటింప దలచితిమి.

అనంతపుర మండలమున సంవత్సరమునకు సగటున పడు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించుచున్నవి. ఈశాన్యపు వానలు తూర్పు తీరముననే తమ బలమును చాలవఱకు వెచ్చించి యిచ్చటికి అలసి చేరుచున్నవి. పెన్న, చిత్రావతి, హగరి యేఱులు పేరునకు నదులేకాని, సంవత్సరమున పెక్కు నెలలు ఇసుక పాఱుచుండును. 1876–78 సంవత్సరములలో వచ్చిన ధాత కఱవు ఈ సీమను ఎట్లు పాడుచేసెనో పెద్దలనోట మనము వినియే యున్నాము. వేరుసెనగ విత్తి ఆకాశమువంక చూచుట ఇక్కడి రైతునకు తరతరముల వ్రతము. మేఘము లేని ఆ ఆకాశమే, చెట్టులేని ఆ మిట్టలపై వీచు ఆ గాలియే నేడు ధనముగ మాఱినవి. రామగిరి కొండలపై 1990ల దశకముననే గాలిమరలు తిరుగ నారంభించెను. కదిరి ప్రాంతమున నంబులపూలకుంట వద్ద తలపెట్టిన 1,500 మెగావాట్ల సౌర ఉద్యానములో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థవారి 250 మెగావాట్ల మొదటి భాగము 2016లో పని ప్రారంభించెను. 2022 ఏప్రిలులో మండల విభజన జరిగి నంబులపూలకుంట, రామగిరి శ్రీ సత్యసాయి మండలమున చేరినవి, ఆకాశముమాత్రము విభజింపబడలేదు.

ఇంతవఱకు మేలే. కాని విద్యుత్తునకు ఒక విచిత్రమైన స్వభావము కలదు. ధాన్యమును గాదెలో పోయవచ్చును. నూనెను జాడీలో నింపవచ్చును. నీటిని చెఱువులో ఆపవచ్చును. విద్యుత్తు పుట్టిన క్షణముననే వినియోగపడవలయును. పుట్టినదియు వాడబడినదియు ఎల్లవేళల తుల్యముగ నుండవలెను. ఆ తూనిక తప్పినచో సెకనునకు 50 సారులు స్పందింపవలసిన దేశవ్యాప్తమైన తీగల వ్యవస్థ యంతయు తల్లడిల్లును. సూర్యుడు మధ్యాహ్నమున కుప్పలుగ నిచ్చును; ఇండ్లలో దీపములు వెలుగు వేళకు చేతు లెత్తివేయును. గాలి ఆషాఢ శ్రావణములలో ఉధృతముగ వీచి, తక్కిన మాసములలో నెమ్మదించును. అందుచే మధ్యాహ్నము తీసికొనువారు లేక సౌరకేంద్రములను ఆపుమని యాజ్ఞాపించుటయు, సాయంకాలము బొగ్గు కేంద్రములను ఆశ్రయించి హెచ్చు ధరకు కొనుటయు, రెండును ఒకే దినమున జరుగుచున్నవి. 2025 జూను నాటికి భారతదేశమున నెలకొల్పబడిన విద్యుత్ సామర్థ్యములో సగము బొగ్గు మొదలగు ఖనిజ ఇంధనములతో పనిలేనిదైనదని ప్రభుత్వము ప్రకటించెను. అయినను మనము వాస్తవముగ వాడుకొన్న విద్యుత్తులో ఇంచుమించు నాలుగింట మూడు పాళ్లు బొగ్గునుండియే వచ్చినది. సామర్థ్యమునకును వినియోగమునకును నడుమ గల ఈ యగాధమును పూడ్చునది నిలువ యొక్కటే.

రాయలసీమ రైతునకు ఈ సమస్య క్రొత్తది కాదు. మూడుమాసములలో కురిసిన వానను పన్నెండు మాసములకు సరిపెట్టుట యెట్లను ప్రశ్నకు మన పూర్వులు చెఱువుతో సమాధానము చెప్పిరి. పదునాలుగవ శతాబ్దమున, బుక్కరాయల కాలమున, పండమేఱునకు అడ్డముగ కట్టిన చెఱువు మూలముననే అనంతపురమునకు ఆ పేరును ఉనికియు కలిగినవి. నేడు గుత్తి మిట్టపై దింపబడనున్న ఇనుప పెట్టెలు చేయు పనియు అదియే. అవి పగటి యెండను ఆపి రేయికి విడుచు చెఱువులు.

ఆ పెట్టె యెట్టిదో కొంచెము వివరింతుము. ఓడలమీద సరుకులు పోవు కంటెయినరులను మన చదువరులు చెన్నపట్టణపు రేవునను, రైలుబండ్లపైనను చూచియే యుందురు. 1956 ఏప్రిలు 26వ తేదీన మాల్కమ్ మెక్లీన్ అను అమెరికా వర్తకుడు 58 పెట్టెలను ఒక ఓడపై నెక్కించి న్యూఆర్కునుండి హ్యూస్టనునకు పంపినది మొదలు ప్రపంచ వాణిజ్యమంతయు ఆ పద్ధతికి లొంగినది. ఇరువది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు గల అట్టి పెట్టెలోనే నేడు బ్యాటరీలు అమర్చి పంపుచున్నారు. మందిరము కట్టనక్కరలేదు, గట్టి దిమ్మ యొకటి వేసి, పెట్టెను దింపి, తీగలు కలిపినచో చాలును. ఇట్టి పెట్టెలో అఱచేయంత మందము గల విద్యుద్ఘటములు వరుసలుగ పేర్చబడి యుండును. నేడు హెచ్చుగ వాడబడు పెద్ద ఘట మొక్కటి ఇంచుమించు ఒక యూనిట్ విద్యుత్తును పట్టును. అట్టివి ఐదువేల వఱకు చేరి, పెట్టె యొక్కటి 5,000 యూనిట్లను, అనగా 5 మెగావాట్ అవర్లను, తన గర్భమున నిలుపుకొనును. ఆ లెక్కను బేతపల్లి మొదటిదశకు కావలసినవి ఎనుబదికి పైబడిన పెట్టెలు, తుదిదశకు నన్నూఱు.

ఘటములతో పాటు పెట్టెలో మఱి మూడు అంగములు కలవు. మొదటిది శీతలీకరణము. ఈ ఘటములు మనుష్యులవలెనే సుమారు 25 డిగ్రీల వేడిమియందు సుఖముగ నుండును. వేసవిలో 40 డిగ్రీలు దాటు అనంతపురపు వడగాడ్పు వాని ఆయువును హరించును. కావున గొట్టములలో ద్రవమును త్రిప్పి వేడిని బయటికి తోడుచుండవలెను. ఆ ద్రవము మూసిన గొట్టములలోనే తిరుగుచుండును గనుక కఱవుసీమ నీటికి ఇది పోటీ కాదు. రెండవది పర్యవేక్షక యంత్రము. మన గ్రామములలో నీరుగంటి ఏ మడికి ఎంత నీరు చేరినదో కనిపెట్టి తూములు త్రిప్పునట్లు, ఇది ఒక్కొక్క ఘటము నిండినదా, వేడెక్కినదా యని క్షణక్షణము పరీక్షించి, దోషము కన్పించినచో దానిని వేఱుచేయును. మూడవది ఏకముఖ ప్రవాహమును తీగలపై నడచు ప్రత్యావర్త ప్రవాహముగ మార్చు యంత్రము. ఇది తఱచుగ పెట్టెకు వెలుపల నుండును.

ఇట్టి నిలువ వట్టి ఊహ కాదు. 2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమంతయు గాలివానవలన అంధకారమున మునిగెను. మఱుసటి సంవత్సరము డిసెంబరు 1వ తేదీన అచ్చట హార్న్‌స్డేల్ వద్ద 100 మెగావాట్ల బ్యాటరీ పని ప్రారంభించెను. తీగలపై తూనిక తప్పినపుడు క్షణములో నిలబెట్టుటయందు ఆవిరి యంత్రములకు లేని చురుకుదనమును అది ప్రదర్శించెను. 2024 ఏప్రిలులో కాలిఫోర్నియా రాష్ట్రమున ఒక సాయంకాలము బొగ్గు, వాయువు, నీరు మొదలగు అన్ని వనరులకంటెను బ్యాటరీలే హెచ్చు విద్యుత్తు నందించినవి. మన దేశమున 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ రోహిణి యందు 10 మెగావాట్ల నిలువయు, 2024 ఆరంభమున ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు రాజనంద్‌గావ్‌లో సౌరకేంద్రముతో కూడిన 120 మెగావాట్ అవర్ల నిలువయు ప్రారంభమయ్యెను. అనంతపురమునకే 2018లో కేంద్ర సౌరశక్తి సంస్థవారు రామగిరియందు 160 మెగావాట్ల సౌర, వాయు కేంద్రమును బ్యాటరీలతో నిర్మింప యోజన వెలువరించి యుండిరి. ఆలోచన పాతదే, ప్రమాణము క్రొత్తది.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. బేతపల్లి కేంద్రము 4.8 గిగావాట్లదని ప్రకటనలయందును పత్రికలయందును వెలువడెను. ఆ యంకె యెట్లు వచ్చెను? 1.8 గిగావాట్ల సౌరశక్తి, 1 గిగావాట్ వాయుశక్తి, 2 గిగావాట్ అవర్ల నిలువ యను మూడింటిని కూడినచో 4.8 వచ్చును. మొదటి రెండును తూమునుండి ప్రవహించు వేగమును తెలుపు కొలతలు. మూడవది చెఱువులో నిలిచిన నీటి పరిమాణమును తెలుపు కొలత. కపిల బానతో గంటకు తోడు బానలను, బావిలోని నీటి గజములను కూడి చెప్పు రైతును మన గ్రామస్థులు నవ్వుదురు. వాట్ వేఱు, వాట్ అవర్ వేఱు. ఈ భేదము తెలియని ప్రజలను ఎవరైనను అంకెలతో మురిపింపవచ్చును. కావున ఏ నిలువకేంద్రము మాట వినినను మన చదువరులు రెండు ప్రశ్నలు వేయుదురు గాక: ఎంత వేగముతో ఇయ్యగలదు? ఎన్ని గంటలు ఇయ్యగలదు?

చెఱువు మంచిదో చెడ్డదో నిర్ణయించుటకు మన సీమవారికి ఒక శాస్త్రము కలదు. కడప మండలమున పోరుమామిళ్ల చెఱువుకట్టపై 1369వ సంవత్సరపు శాసన మొకటి నిలిచియున్నది. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, దినమునకు వేయిమంది కూలీలతోను నూఱు బండ్లతోను రెండేండ్లు శ్రమించి కట్టించిన చెఱువది. ఆ శాసనము మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెఱువునకు తగులు ఆఱు దోషములను వివరించుచున్నది. కట్టనుండి నీరు కారుట, చౌడు నేల, రెండు రాజ్యముల పొలిమేరన నుండుట, నడుమ మిట్ట యుండుట, నీరు తక్కువై ఆయకట్టు హెచ్చుట, నీరు హెచ్చై ఆయకట్టు తగ్గుట — ఇవి ఆ యాఱు దోషములు. ఆఱున్నర శతాబ్దముల నాటి ఈ గీటురాయిపై నేటి చెఱువును గీచి చూతము.

కట్టనుండి నీరు కారుట మొదటి దోషము. నూఱు యూనిట్లు బ్యాటరీలో పోసినచో తిరిగి తీగలపైకి వచ్చునవి సుమారు 85. తక్కినవి రూపము మార్చుటయందును, శీతలీకరణమునందును కరగిపోవును. ఎండ కాలమున శీతలీకరణమునకు మఱికొంత హెచ్చు పట్టును. ఇది క్షమింపదగిన దోషమే. మధ్యాహ్నము వృథాగ పోవు నూఱింటికంటె రాత్రి చేతికి వచ్చు ఎనుబదియైదు మేలు. ఐనను ఈ నష్టము ఎవరి లెక్కలో వ్రాయబడునో, ధరలో ఎంత చేరునో ప్రజలకు తెలియవలెను.

చౌడు నేల రెండవ దోషము. అనగా ఆధారమే అపాయకరమగుట. బ్యాటరీకి ఆ చౌడు అగ్ని. 2019 ఏప్రిలులో అమెరికాలోని అరిజోనా యందు ఇట్టి నిలువలో పొగ నిండి, తలుపు తెఱచిన పిమ్మట ప్రేలి, అగ్నిమాపకులు గాయపడిరి. 2021 జూలైలో ఆస్ట్రేలియాలోని జీలాంగ్ వద్ద శీతలద్రవము కారుటచే నిప్పు పుట్టి రెండు పెట్టెలు దినములతరబడి కాలినవి. 2025 జనవరి 16న కాలిఫోర్నియాలో మాస్ లాండింగ్ వద్ద పెద్ద అగ్నిప్రమాదము జరిగి సుమారు 1,200 మందిని ఇండ్లు విడిపింపవలసి వచ్చెను. చివరి రెంటిని పోల్చి చూచినచో ఒక నీతి బోధపడును. మాస్ లాండింగులో బ్యాటరీలు పాత యంత్రశాలలో ఒకే కప్పుక్రింద కిక్కిరిసి యుండుటచే అగ్ని విజృంభించెను. జీలాంగులో పెట్టెలు వేర్వేఱుగ నుండుటచే వందలకొలది పెట్టెలలో రెంటితోనే నష్టము ఆగెను. గడ్డివాములను దూరదూరముగ వేయు మన రైతుల బుద్ధియే ఇది. ఇప్పుడు హెచ్చుగ వాడబడు ఇనుప ఫాస్ఫేటు ఘటములు పూర్వపువానికంటె అగ్నికి తక్కువ లోబడును. బొత్తుగ లోబడవని యెవరును చెప్పజాలరు. కావున పెట్టెకును పెట్టెకును ఎంత యెడము, గ్రామమునకు ఎంత దూరము, చుట్టుపట్ల అగ్నిమాపకులకు ఏ శిక్షణము, మండినపుడు చల్లార్చు నీరు ఏ బావినుండి — వీనికి ముందుగనే లిఖితపూర్వకమైన సమాధానము లుండవలెను. త్రాగునీటికి కటకటపడు పల్లెలో ఈ కడపటి ప్రశ్న చిన్నది కాదు.

రెండు రాజ్యముల పొలిమేర మూడవ దోషము. పొలిమేర చెఱువు తూము తాళము ఎవరిచేత నుండవలెనని తగవులాడి ఇరువురును పాడుచేసికొందురు. బ్యాటరీ ఒక వేళ విద్యుత్తును కొనును, మఱియొక వేళ అమ్మును. అది వినియోగదారా, ఉత్పత్తిదారా? ఈ సందియము కొంతకాలము మన చట్టమును బాధించినది. 2022 డిసెంబరులో సవరింపబడిన విద్యుత్ నిబంధనలు నిలువను విద్యుద్వ్యవస్థలో ఒక యంగముగ గుర్తించి, దానిని స్వతంత్రముగ నెలకొల్పవచ్చుననియు, నిలువచోటును గాదెవలె అద్దెకు నీయవచ్చుననియు స్పష్టపఱచెను. చట్టము తీఱినను మఱియొక పొలిమేర మిగిలియున్నది. గుత్తిలో నిలిచిన విద్యుత్తు గుత్తి మోటారును నడపునా, జాతీయ తీగల మీదుగ దూరపు నగరముల శీతలయంత్రములను నడపునా? 2023 సెప్టెంబరులో కేంద్రమంత్రివర్గము 4,000 మెగావాట్ అవర్ల నిలువకు మూలధనములో నూటికి 40 వంతుల వఱకు సహాయ మంగీకరించుచు, అట్టి కేంద్రముల సామర్థ్యములో నూటికి 85 పాళ్లు పంపిణీ సంస్థలకే లభింపవలెనని నియమించెను. అది మంచి నియమము. సర్కారు సొమ్ము పుచ్చుకొనని కేంద్రములనుండియు స్థానిక ఆయకట్టునకు ఒక పాలు కోరుట అన్యాయము కాదు.

నడుమ మిట్ట నాల్గవ దోషము. మిట్ట పెరిగినకొలది చెఱువు పట్టు నీరు తగ్గును. బ్యాటరీలో ఈ మిట్ట కాలక్రమమున దానంతట అదియే పెరుగును. వేలకొలది సారులు నింపి తీసిన పిమ్మట, పది పదునైదేండ్లలో అది పట్టు విద్యుత్తులో నాలుగవ వంతో అంతకు కొంచెము హెచ్చో తఱుగును. చెఱువునకు పూడిక తీయవచ్చును. ఘటమునకు పూడిక తీయు విద్య లేదు, మార్చవలసినదే. మార్చిన పాతవి యెక్కడికి పోవలెను? 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నియమములు వానిని తిరిగి గైకొని లోహములను వేఱుచేయు బాధ్యతను ఉత్పత్తిదారులపై, దిగుమతిదారులపై మోపినవి. నియమము కాగితముపై నున్నది. రామగిరి బంగారుగనులు మూతపడిన పిమ్మట మిగిలిన గుట్టలను చూచిన మండలమువారికి, పని ముగిసినతరువాత శుభ్రపఱచు పూచీ ముందుగనే పత్రముమీద నుండవలెనని వేఱుగ చెప్పనక్కరలేదు.

ఐదవది నీరు తక్కువ, ఆయకట్టు హెచ్చు. ఐదు అశ్వశక్తుల మోటారు తొమ్మిది గంటలు నడచినచో సుమారు 34 యూనిట్లు పట్టును. బేతపల్లి మొదటిదశలోని 415 మెగావాట్ అవర్లు, అనగా 4,15,000 యూనిట్లు, అట్టి మోటార్లను సుమారు పండ్రెండు వేలను ఒక్క దినము నడపగలవు. తుదిదశలోని 20 లక్షల యూనిట్లు సుమారు అఱువది వేలను. ఇది అల్పము కాదు, అనల్పమును కాదు. బ్యాటరీ సాధారణముగ రెండు నాలుగు గంటల నిలువ. సాయంకాలపు తాకిడిని తప్పించును గాని వారము దినములు ముసురు పట్టినచో చేతులు ముడుచుకొనును. దానికి వేఱు ఉపాయము కావలెను. నంద్యాల మండలమున పిన్నాపురమువద్ద గ్రీన్‌కో సంస్థవారు 1,680 మెగావాట్ల కేంద్రమున తలపెట్టినట్లు, హెచ్చు విద్యుత్తుతో నీటిని పై జలాశయమునకు తోడి, కావలసినపుడు క్రిందికి విడుచుట అట్టి యుపాయము. అది కుంటవంటి బ్యాటరీకి పెద్ద చెఱువువంటి తోడు. కొండ లేనిచోట పెట్టె, కొండ యున్నచోట నీరు, రెండును కావలసినవే.

ఆఱవది నీరు హెచ్చు, ఆయకట్టు తక్కువ. కాలువలు లేనిచో చెఱువు మరవ పాఱి వృథాయగును. విద్యుత్తునకు కాలువలు పెద్ద తీగలు. ఎండఫలకములు ఏడాదిలో లేచును; తీగలకు స్తంభములకు ఏండ్లు పట్టును. ఇక ధర సంగతి. 2022లో కేంద్ర సౌరశక్తి సంస్థ పిలిచిన టెండరులో మెగావాటునకు నెలకు 10 లక్షల 80 వేల రూపాయలకు పైగ పలికిన అద్దె, 2024 చివర రాజస్థానపు టెండరులో సర్కారు సహాయముతో 2 లక్షల 21 వేలకు దిగెను. ఘటముల ధర ప్రపంచమంతట పడిపోవుట దీనికి ముఖ్య కారణము. ధర తగ్గుట ప్రజలకు లాభమే. ఐనను వేలములో గెలుచుటకు మాత్రమే తక్కువ పాడి, పిదప కట్టలేక వెనుదీయువారు ఎల్ల వ్యాపారములందును ఉందురు. గుత్తపాట దక్కించుకొని పూడిక తీయక పోవు కంట్రాక్టరులను మన సీమ యెఱుగును. పాటయందు సాహసముకంటె కట్టుటయందు నిలుకడను పరీక్షింపవలెను.

ఈ యాఱు దోషములకు తోడు శాసనకారు డెఱుగని యేడవ దోష మొకటి కలదు. మన చెఱువుకట్ట మన మట్టితో మన కూలీలు వేసినది. ఈ పెట్టెలలోని ఘటములలో అత్యధికభాగము చీనాదేశమున పుట్టుచున్నది. ఇనుప ఫాస్ఫేటు రకములో ఆ దేశపు పాలు ఇంచుమించు సర్వస్వము. 2025 జూలైలో ఆ ఘటములయందలి ముఖ్యద్రవ్యమును తయారుచేయు విద్య వెలుపలికి పోకుండ చీనాప్రభుత్వము కట్టుబాటు విధించెను. ఆశ్చర్య మేమనగా, ఈ యినుప ఫాస్ఫేటు గుణమును 1997లో లోకమునకు వెల్లడించిన వ్యాసముపై టెక్సాస్ విశ్వవిద్యాలయపు గుడినఫ్ పండితునితో పాటు పాఢీ, నంజుండస్వామి యను పేర్లు కలవు. ఆ పేర్లే వారి జన్మదేశమును చాటుచున్నవి. మేధ మనది, కార్ఖానా పరులది, కొనువారము తిరిగి మనము. ప్రత్తి మనదై బట్ట మాంచెస్టరుదైన నాటి కథను మా చదువరులు మఱచియుండరు. చమురునకు అరబ్బుదేశములపై ఆధారపడి, దానిని వదల్చుకొనుటకు ఘటములకై మఱియొక దేశముపై ఆధారపడుట బంధవిమోచనము కాదు; సంకెల మార్చుట.

ప్రయత్నము లేకపోలేదు. తమిళదేశమున కారైక్కుడి యందలి కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాలయము ఏడు దశాబ్దములుగ ఈ విద్యను సాధన చేయుచున్నది. 2021లో కేంద్రప్రభుత్వము 50 గిగావాట్ అవర్ల ఘటములను దేశములో తయారుచేయించుటకు 18,100 కోట్ల ప్రోత్సాహమును ప్రకటించెను. 1985లో తిరుపతి చెంత పుట్టిన అమరరాజా సంస్థవారు మహబూబ్‌నగర్ వద్ద దివిటిపల్లిలో 2023 మే 6న ఘటముల కార్ఖానాకు పునాది వేసి, పదేండ్లలో 9,500 కోట్లు వెచ్చింప సంకల్పించిరి. తెలుగువారి మూలధనముతో తెలుగు నేలపై లేచు కార్ఖానా యది. గుత్తి మిట్టపై దిగు పెట్టెలలో కొన్నియైనను దివిటిపల్లి ఘటములతో నిండు దినమున ఈ యుద్యమము పూర్ణమగును. సర్కారువారు సహాయధన మిచ్చునపుడు స్వదేశీ ఘటముల పాలును ఏటేట హెచ్చించునట్లు నియమించుట యుక్తము.

ఇక భూమి మాట. సర్ థామస్ మన్రో దత్తమండలముల ముఖ్య కలెక్టరుగ నుండిన 1800 మొదలు 1807 వఱకు నడచిన కాలమున ఈ సీమయందు సర్కారు రైతుతో నేరుగ లెక్క చూచుకొను పద్ధతి పాదుకొనెను. ఆ పద్ధతియందలి కష్టములు ఎట్లున్నను, రైతు పేరు లెక్కలో నేరుగ నుండుట దానియందలి మేలు. నేడు వేల యెకరములు సూర్యఫలకముల క్రిందికి పోవుచుండగా ఆ మేలును జాఱవిడువరాదు. మధ్యవర్తులు అగ్గువకు కొని సంస్థలకు హెచ్చుధరకు అప్పగించు వ్యాపారము చాలచోట్ల కలదు. పట్టా గల భూస్వామి బేరమాడగలడు. సర్కారు బంజరును తండ్రి తాతలనాడు సాగుచేసికొని చేత కాగితము లేనివాడును, ఆ బంజరులో గొఱ్ఱెలు మేపుకొనువాడును ఏమి చేయుదురు? నంబులపూలకుంటలో ఇట్టివారి మొఱలు వినవచ్చినవి. భూస్వాములైన మా చదువరులకు మా మనవి యిది: అమ్ముటకంటె కౌలునకిచ్చుట మేలు, కౌలుపత్రమున అద్దె పెరుగుదల, గడువు ముగిసిన పిమ్మట దిమ్మలు పెకలించి భూమిని పూర్వస్థితికి తెచ్చు పూచీ వ్రాయించుకొనుడు, మీతోపాటు మీ కౌలుదారును, మీ గొఱ్ఱెల కాపరిని లెక్కలో చేర్చుడు. ఇరువదియైదేండ్ల కౌలు మీ మనుమల వఱకు పోవు మాట.

పట్టణవాసులకు వేఱొక మనవి. నిలువ పెట్టెలు దింపిన పిదప ఫలకములు తుడుచుటకును కావలి కాయుటకును తప్ప మన యువకులకు పని దొరకదని నిరాశ పడుచున్నారు. ఘటముల పర్యవేక్షణము, మార్పుయంత్రముల మరమ్మతు, అగ్నిరక్షణము — ఇవి నేర్వదగిన విద్యలు. అనంతపురమున సాంకేతిక విశ్వవిద్యాలయము కలదు. మండలమంతట పారిశ్రామిక శిక్షణాలయములు కలవు. కేంద్రము కట్టు సంస్థలు వానిలో ఈ విద్యలను బోధించు ఏర్పాటు చేయునట్లు పురప్రముఖులు ఇప్పుడే పట్టుబట్టవలెను. కట్టినపిదప అడుగువానికి కావలి యుద్యోగమే దక్కును.

ఈ పెట్టెలకును అనంతపురపు దాహమునకును సంబంధ మేమని కొంద ఱడుగవచ్చును. 2012లో హంద్రీనీవా కాలువ ద్వారా కృష్ణానది నీరు జీడిపల్లి జలాశయమునకు చేరెను. ఆ నీరు తనంతట పాఱి రాలేదు. శ్రీశైలము వెనుకనుండి మెట్టుమెట్టునకు పంపులతో ఎత్తబడి వచ్చినది. బోరుబావి నీరును అట్టిదే. కఱవుసీమలో నీరన విద్యుత్తే. చీకటిలో మోటారు మీట వేయుటకు పోయి పాముకాటునకో తీగదెబ్బకో గుఱియైన రైతు లెందఱో కలరు. పగటివేళ నిండుగ విద్యుత్తు రావలెనను వారి కోరిక ప్రాణముతో కూడినది. పగటి సౌరవిద్యుత్తును రైతున కీయుచు, సాయంకాలపు పట్టణపు అక్కఱను నిలువతో తీర్చగలిగినచో, పల్లెకును పట్టణమునకును తగవు లేకుండ పోవును. ఈ పెట్టెలవలన రాయలసీమకు కలుగదగిన పెద్దమేలు ఇదియే. ఇది కలుగనిచో గుత్తి మిట్ట ఒకరి యెండను మఱియొకరి గాదెలోనికి చేరవేయు బాటసత్రముగ మిగులును.

పోరుమామిళ్ల శాసనము చెప్పిన పండ్రెండు అంగములలో ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్రము తెలిసిన విద్వాంసుడు, గట్టి నేల, నేర్పరులైన పనివారు మొదలగునవి కలవు. నేల మనకు కలదు, ఎండ కలదు, గాలి కలదు. విద్వాంసులను దేశమున నిలుపుకొనుట, పనివారిని తయారుచేసికొనుట మన చేతనున్నది. ధర్మపరుడైన ప్రభువు మాట యన్ననో, ప్రజాప్రభుత్వమున ప్రభువు లెవ్వరో కారు, ఓటు వేయు ప్రజలే. చెఱువు కట్టించినవాని పేరు శాసనమున నిలుచును. చెఱువును నిలిపినది మాత్రము ఏటేట కట్ట మట్టి వేసి, తూము కాచి, తమ వంతు నీరు గట్టిగ అడిగిన ఆయకట్టుదారులు. అనంతపుర మండలపు ఆయకట్టుదారులు ఈ క్రొత్త చెఱువుకడను తమ వంతు అడుగుటకు ఇప్పటినుండియే సంసిద్ధు లగుదురు గాక.